గుంబ్రి తీగల మీద జాజ్: గ్నావా సంగీతంలోని ఆధ్యాత్మిక శక్తి ఎక్కడిది?

గుంబ్రి చూడ్డానికి సాదాసీదా వాద్యం. ఒకే దుంగను తొలిచి చేసిన పెట్టె, దాని మీద బిగించిన ఒంటె తోలు, గుండ్రటి కర్ర మెడ, మేక పేగుతో పేనిన మూడు తీగలు. మెడ చివర ఒక రేకు గుచ్చి ఉంటుంది. దాని అంచు పొడవునా చిన్న చిన్న రింగులుంటాయి. తీగ మీటినప్పుడల్లా అవి గలగలమంటాయి. వాయించే మనిషి తీగను మీటుతూనే అదే చేతి వేళ్లతో తోలు మీద దెబ్బ వేస్తుంటాడు. అందుకే ఒక్క వాద్యంలోనే బాస్ స్వరమూ, డ్రమ్ము మోతా రెండూ వినిపిస్తాయి. మొరాకోలోని గ్నావా సమాజంవారు రాత్రి మొదలుపెట్టి తెల్లవారేదాకా చేసే తమ ఆరాధనను ప్రధానంగా ఈ వాద్యం మీదే నడిపిస్తారు.

20వ శతాబ్దం రెండో సగంలో అమెరికా జాజ్ విద్వాంసులు కొందరు ఈ వాద్యం ముందుకు వచ్చి కూర్చున్నారు. అక్కడ పుట్టిన సంగీతం గురించి రాసేవాళ్లు చాలామంది 'ఆత్మను కదిలించే నాదం' అని సరిపెట్టేస్తారు. ఆ మాట అబద్ధం కాదు కానీ దానివల్ల తెలిసేదేమీ లేదు. ఈ కలయికల్లో శక్తి ఉన్నమాట నిజం. ఆ శక్తికి కారణాలున్నాయి. ఆ సంప్రదాయంలో ప్రతి పాటకూ ఒక పని ఉంది. ఆ పని ఎలా చేయాలో తెలిసిన గురువులున్నారు. బయటి నుంచి వచ్చిన జాజ్ కళాకారుడు తన గొప్ప పక్కన పెట్టి, వాళ్ల దగ్గర కూర్చుని వినడానికి సిద్ధపడినప్పుడే అది అతని సంగీతంలోకీ వచ్చింది. వాద్యాలు, లయ తీసుకుని ఈ మూడూ వదిలేసిన చోట్ల రికార్డు బాగానే అమ్ముడుపోయి ఉండొచ్చు, బలం మాత్రం రాలేదు.

గ్నావాలు సహారా ఎడారికి దక్షిణాన ఉన్న దేశాల నుంచి శతాబ్దాల పాటు ఒంటెల బిడారులతో మొరాకోకు తరలించిన బానిసల, సైనికుల వారసులు. 1672 నుంచి 1727 వరకు పాలించిన సుల్తాన్ మౌలే ఇస్మాయిల్ నల్లజాతివారితో ఒక పెద్ద సైన్యాన్నే కట్టాడు. కాలక్రమంలో వీళ్లు ముస్లింలయ్యారు, అరబ్బీ నేర్చుకున్నారు. అయినా పాటల్లో బంబారా, హౌసా అనే పశ్చిమ ఆఫ్రికా భాషల మాటలు ఇప్పటికీ దొర్లుతుంటాయి. తమకు ఆధ్యాత్మిక మూలపురుషుడిగా వీళ్లు తలచుకునేది బిలాల్‌ను. ఆఫ్రికా మూలాలున్న ఆయన మక్కాలో బానిసగా హింసలు పడి, విడుదలై, ఇస్లాంలో తొలి అజాన్ పలికారు. మన దేశంలో, గుజరాత్‌లో ఉన్న ఆఫ్రికా సంతతి సిద్దీలు కూడా బిలాల్‌నే తమ పెద్దగా చెప్పుకుంటారు. బావా గోర్ అనే ఆఫ్రికా సంత్ దర్గా దగ్గర డోళ్లతో ధమాల్ ఆడతారు. హైదరాబాద్‌లో నిజాం ఆఫ్రికన్ అశ్విక దళం పేరు మీద ఏర్పడిన ఏసీ గార్డ్స్ బస్తీ, అక్కడి నుంచి ఊరంతా పాకిన మర్ఫా వాయిద్యం కూడా ఈ చెదిరిపోయిన చరిత్రలో భాగమే. హైదరాబాద్‌లో మర్ఫా పెళ్లి బరాత్‌ల సంబరంగా స్థిరపడింది. మొరాకోలో గుంబ్రి వైద్యంగా, ఆరాధనగా నిలిచింది.

గ్నావాల రాత్రి ఆరాధనను 'లిలా' అంటారు. చాలాసార్లు అది ఒక మనిషి కోసం జరుగుతుంది. జబ్బుతోనో, మనోవేదనతోనో, ఏదో శక్తి పట్టి పీడిస్తోందన్న నమ్మకంతోనో బాధపడుతున్న మనిషి ఇంట్లోనే అందరూ చేరతారు. మొదట వీధిలో పెద్ద డోళ్లతో, ఇనుప చిడతలతో ఊరేగింపు. ఆ చిడతలను ఖర్ఖబాలంటారు. వాటి మోత బానిసల సంకెళ్ల చప్పుడును గుర్తు చేస్తుందని గ్నావాలే చెబుతుంటారు. ఇంట్లోకి వచ్చాక కాసేపు పూర్వీకులను తలచుకునే పాటలు, ఆటలు. అసలు ఘట్టం ఆ తర్వాత మొదలవుతుంది. మొఖద్దమా అని పిలిచే పెద్దావిడ నిప్పుల మీద సాంబ్రాణి వేస్తుంది. ఒక్కో శక్తికి ఒక్కో రంగు, ఒక్కో ధూపం, ఒక్కో పాటల వరస ఉంటాయి. సముద్రానికి చెందిన సీదీ మూసాది నీలం. ఆయన పాట వచ్చినప్పుడు ఆడేవాళ్లు తల మీద నీళ్ల గిన్నె పెట్టుకుని ఆడతారు. సీదీ హమ్మూది ఎరుపు, రక్తంతో ముడిపడిన రంగు. లల్లా మీరాది పసుపు. ఏ వరస తర్వాత ఏది రావాలన్నది ఊరును బట్టి కొంత మారుతుంది కానీ ఒక వరసంటూ కచ్చితంగా ఉంటుంది.

ఈ రాత్రిలో గుంబ్రి వాయించే గురువును మాలెం అంటారు. ఆయన పనిని కాస్త దగ్గర నుంచి చూడాలి, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది. మాలెం వాయిస్తున్నంతసేపూ ఎదురుగా ఆడుతున్న మనిషినే గమనిస్తుంటాడు. ఫలానా పాట మొదలవగానే ఆ మనిషి ఒంట్లో కదలిక వచ్చిందంటే, ఇక ఆ పాటను తన ఇష్టం వచ్చినచోట ఆపడానికి వీల్లేదు. చిన్న స్వర వాక్యాన్ని తిప్పి తిప్పి వాయిస్తూ, వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, ఆ మనిషికి పూనకం వచ్చి, పతాక స్థాయికి వెళ్లి, అలసి ఒరిగిపోయేదాకా తోడుండాలి. మధ్యలో ఆపితే ఆడే మనిషికి హాని జరుగుతుందని నమ్మకం. అక్కడి లక్ష్యం పట్టిన శక్తిని తరిమికొట్టడం కాదు, దానితో సర్దుబాటు కుదర్చడం. అందుకే ఒకసారి లిలా చేయించుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ చేయించుకుంటారు.

మాలెం చేతిలో ఉన్న స్వరాలు చాలా తక్కువ. ఎక్కువగా ఐదు స్వరాల వరసలే. లయ మాత్రం లోతైనది. ఇనుప చిడతల నడక తిశ్రానికీ చతురశ్రానికీ మధ్య ఎక్కడో ఊగుతుంటుంది. మూడు లెక్కపెడితే మూడులా, నాలుగు లెక్కపెడితే నాలుగులా వినిపిస్తుంది. వేగం పెరిగేకొద్దీ అది ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారుతుంది. వినేవాళ్ల ఒంటికి ఎక్కడ అడుగు వేయాలో ఒక క్షణం తెలియదు, మరుక్షణం తెలుస్తుంది. ఈ ఊగిసలాట గంటల తరబడి సాగుతుంది.

మరి పూనకాన్ని తెప్పించేది ఆ లయేనా? 1960ల మొదట్లో ఆండ్రూ నెహర్ అనే అమెరికన్ పరిశోధకుడు డ్రమ్ము మోత మెదడు తరంగాలను తన లయలోకి లాగుతుందని, పూనకానికి అదే మూలమని ప్రతిపాదించారు. ఫ్రెంచ్ సంగీత మానవశాస్త్రవేత్త గిల్బర్ట్ రూజే 1980లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో ఈ వాదనను తోసిపుచ్చారు. సంగీతం స్విచ్ వేసినట్టు పూనకాన్ని పుట్టించదని, ఒక సమాజం నమ్మకాల మధ్య దానికి దారి చూపిస్తుందని, అదుపులో పెడుతుందని ఆయన అభిప్రాయం. ఇది తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. బోనాల ఊరేగింపులో డప్పు మోత వేలమంది చెవిన పడుతుంది, పూనకం మాత్రం కొందరికే వస్తుంది. వచ్చినవాళ్లకు కూడా ఏ దేవత వచ్చింది, ఏం చేయాలి, ఎలా శాంతింపజేయాలి అన్నది చుట్టూ ఉన్న జనానికి ముందే తెలుసు. డప్పు ఎంత ముఖ్యమో ఆ జనం అంత ముఖ్యం. ఈ విషయంలో రూజే మాటే సరైనదనిపిస్తుంది. గ్నావా పాటను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఒళ్లు జలదరించొచ్చు, అది లిలా కాదు.

ఇప్పుడు జాజ్ వైపు చూద్దాం. అమెరికాకు తరలించిన ఆఫ్రికన్ల చేతుల్లోంచి డ్రమ్మును లాక్కున్నారు. 1739లో దక్షిణ కరోలినాలోని స్టోనో దగ్గర బానిసలు డ్రమ్ములు మోగిస్తూ తిరగబడ్డారు. మరుసటి ఏడాది చేసిన చట్టంలో డ్రమ్ములు, కొమ్ములు వాడడాన్ని నిషేధించారు. న్యూ ఆర్లీన్స్‌లో మాత్రం ఆదివారాలు ఒకచోట చేరి వాయించుకోవడానికి, ఆడుకోవడానికి వీలుండేది. 1817లో నగరపాలకులు అలాంటి కూడికలను ఒక్క స్థలానికే పరిమితం చేశారు, అదే కాంగో స్క్వేర్. మిగతా చోట్ల డ్రమ్ము పోయినా లయ పోలేదు. అరచేతుల్లోకి, పాదాల్లోకి, చర్చి పాటల్లోకి వెళ్లి దాక్కుంది. గుండ్రంగా తిరుగుతూ, ఒకరు పలికితే అందరూ అందుకుంటూ, ఒంట్లోకి పవిత్రాత్మ దిగేదాకా పాడే 'రింగ్ షౌట్' నల్లవారి క్రైస్తవంలో నిలిచిపోయింది. జాజ్ వాయించిన తరాలు ఆ చర్చి బెంచీల మీద పెరిగినవే. అంటే తర్వాతి రోజుల్లో ఆఫ్రికాకు వెళ్లిన జాజ్ కళాకారులు వింటున్నది పూర్తిగా పరాయి సంగీతం కాదు. అమ్మమ్మల చర్చిలో విన్నదానికి పాత రూపం అది.

డ్రమ్ము తిరిగి జాజ్‌లోకి వచ్చిన ఘట్టాల్లో ఒకటి 1947లో జరిగింది. క్యూబాకు చెందిన చానో పోసో ఆ ఏడాది న్యూయార్క్ వచ్చి జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ బృందంలో కాంగా డ్రమ్ము వాయించారు. సెప్టెంబర్ 29న కార్నెగీ హాల్‌లో ఆ బృందం కచేరీ ఇచ్చింది. పోసో క్యూబాలోని అబక్వా అనే రహస్య సంఘానికి చెందినవారు. నేటి నైజీరియా, కామెరూన్ సరిహద్దు ప్రాంతం నుంచి బానిసలతో పాటు వెళ్లిన సంప్రదాయం అది. జాజ్ వేదిక మీద ఆయన ఆ మంత్రగానాలనే పలికారు. డిజ్జీకి స్పానిష్ రాదు, పోసోకు ఇంగ్లీష్ రాదు, ఇద్దరం ఆఫ్రికా భాష మాట్లాడుకుంటాం అని పోసో అనేవారని ప్రతీతి.

ఆ ఏడాది డిసెంబర్‌లో రికార్డయిన 'మాంతేకా'లో రెండు లోకాల మధ్య తేడా స్పష్టంగా వినిపిస్తుంది. పోసో తెచ్చింది ఒకదాని మీద ఒకటి పేర్చే చిన్న చిన్న వరసలు. బాస్‌కు ఒకటి, సాక్సోఫోన్లకు ఒకటి, ట్రాంబోన్లకు ఒకటి. అవి అలా తిరుగుతూనే ఉండాలి, వాటికి అంతమంటూ లేదు. గిలెస్పీకి మాత్రం మధ్యలో వేరే స్వర మార్గంలోకి వెళ్లి వచ్చే ఒక భాగం కావాలనిపించింది. ఎనిమిది ఆవర్తాలు అనుకుని మొదలుపెడితే అది పదహారయింది. ఆ పాటలో గుండ్రంగా తిరిగే కాలం ఒకటి, ముందుకు నడిచే కాలం ఒకటి పక్కపక్కనే ఉన్నాయి. రెండూ బాగున్నాయి, కానీ కలవలేదు. కలిసే సమయం కూడా వాళ్లకు దొరకలేదు. 1948 డిసెంబర్‌లో పోసోను న్యూయార్క్ నల్లవారి పేట హార్లెమ్‌లోని ఒక బార్‌లో కాల్చి చంపారు.

ఆ కాలాలు కలవాలంటే జాజ్ తన స్వర మార్గాల హడావిడిని తగ్గించుకోవాలి. 1950ల చివర, 1960ల మొదట్లో అదే జరిగింది. ఒకే స్వర ఆధారం మీద ఎక్కువసేపు నిలబడి వాయించే పద్ధతి వచ్చింది. సాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 1964 డిసెంబర్ 9న రికార్డు చేసిన 'ఎ లవ్ సుప్రీమ్' మొదటి భాగం నాలుగు స్వరాల బాస్ వాక్యం మీద నడుస్తుంది. కోల్ట్రేన్ దాన్ని ఒక్కో శ్రుతిలోకి మారుస్తూ వాయించి, చివరికి నామజపంలా గొంతుతో పలుకుతారు. నైజీరియా నుంచి వచ్చి హార్లెమ్‌లో ఆఫ్రికన్ సంస్కృతి కేంద్రం నడిపిన డ్రమ్ము విద్వాంసుడు బాబాతుండే ఒలాతుంజీకి ఆయన సన్నిహితుడు, ఆ కేంద్రానికి ఆర్థికంగా అండగా నిలిచారు. కోల్ట్రేన్ చనిపోవడానికి మూడు నెలల ముందు, 1967 ఏప్రిల్ 23న వాయించిన కచేరీ ఆ కేంద్రంలోనే జరిగింది. రికార్డు రూపంలో మనకు దక్కిన ఆయన చివరి కచేరీ అదే.

ఆఫ్రికా మీద ప్రేమ ఉన్న జాజ్ కళాకారులు చాలామందే. అక్కడికి వెళ్లి, ఇల్లు తీసుకుని, ఏళ్ల తరబడి ఉండి విన్నవాళ్లు అరుదు. ఆ అరుదైనవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు పియానో విద్వాంసుడు రాండీ వెస్టన్. 1926లో బ్రూక్లిన్‌లో పుట్టారు. జమైకా, పనామా మూలాలున్న తండ్రి, నల్లవారి ఆత్మగౌరవం కోసం ఉద్యమించిన మార్కస్ గార్వే అభిమాని. నువ్వు అమెరికాలో పుట్టిన ఆఫ్రికన్‌వి అని కొడుక్కి చిన్నప్పటి నుంచీ చెప్పి పెంచారు. తల్లి వైపు నుంచి చర్చి సంగీతం వచ్చింది. ఆరున్నర అడుగులు దాటిన మనిషి, పెద్ద చేతులు. పియానో ఎడమవైపు మంద్ర స్వరాలను డ్రమ్ములా మోగించడం ఆయన ముద్ర.

1960లో, ఆఫ్రికాలో 17 దేశాలు స్వతంత్రమైన ఏడాది, వెస్టన్ 'ఉహురు ఆఫ్రికా' రికార్డు చేశారు. లాంగ్‌స్టన్ హ్యూస్ దానికి కవిత రాశారు, మెల్బా లిస్టన్ సంగీతం కూర్చారు, ఒలాతుంజీ డ్రమ్ము వాయించారు. 1964లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1961లో, 1963లో వెస్టన్ లాగోస్ వెళ్లివచ్చారు. 1967లో అమెరికా విదేశాంగ శాఖ పంపిన బృందంతో ఆఫ్రికాలో 14 దేశాలు తిరిగారు. ఆ యాత్ర చివరి మజిలీ మొరాకో. ఆ తర్వాత పిల్లలతో సహా అక్కడికే వెళ్లి, టాంజియర్‌లో కాపురం పెట్టి, 'ఆఫ్రికన్ రిథమ్స్' అనే క్లబ్ నడిపారు.

టాంజియర్‌లో ఆయనకు అబ్దెల్లా ఎల్ గూర్ద్ పరిచయమయ్యారు. గ్నావా మాలెంగా ఎదిగిన అబ్దెల్లా పగలు ఉద్యోగం చేసింది టాంజియర్‌లోని వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో కేంద్రంలో. జాజ్‌ను ప్రపంచమంతా వినిపించిన రేడియో అది. వెస్టన్ ఆయన ద్వారా లిలాల్లోకి వెళ్లారు. గుంబ్రి వినగానే ఆయనకు అందులో జాజ్ బాస్ పూర్వీకుడు వినిపించాడు. పియానో ఎడమ చేతితో తాను ఇన్నేళ్లుగా వెతుకుతున్నది అక్కడ సిద్ధంగా ఉంది.

తర్వాత జరిగినది ఈ కథలో చాలా ముఖ్యం. సీదీ మూసా కోసం పాడే నీలి రంగు పాట వెస్టన్‌ను పట్టుకుంది. దాన్ని పియానో మీద బయట వాయించుకోవచ్చా అని గ్నావా పెద్దలను అడిగితే మొదట ఒప్పుకోలేదని, అది పవిత్రమైనదని చెప్పారని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆయన ఆగారు. అనుమతి దొరికాకే దాన్ని 'బ్లూ మోజెస్'గా మలిచారు. మూసానే ఇంగ్లీషులో మోజెస్ అంటారు. నచ్చిన రాగం విన్న మరుసటి రోజే రికార్డులోకి ఎత్తేసుకోవడం మామూలైన సంగీత వ్యాపారంలో ఇలా ఆగడం చిన్న విషయం కాదు. పాటకు ఒక పని ఉందని, తన ఆల్బమ్‌కు పనికిరావడమే దాని పని కాదని ఆయన ఒప్పుకున్నారు.

1972లో అదే పాట పేరుతో న్యూయార్క్ కంపెనీ సీటీఐ ఆల్బమ్ తెచ్చింది. నిర్మాత కోరిక మేరకు వెస్టన్ ఎలక్ట్రిక్ పియానో వాయించారు. ఆయన వాయించి వెళ్లిపోయాక దాని మీద పెద్ద ఆర్కెస్ట్రాను కలిపారు. ఆయన రికార్డులన్నింటిలో ఎక్కువ అమ్ముడైంది ఇదే, ఆయనకు తృప్తినివ్వనిదీ ఇదే. ఈరోజు విన్నా కారణం తెలుస్తుంది. ఫ్రెడ్డీ హబ్బర్డ్ ట్రంపెట్ అద్భుతంగా ఉంటుంది, కానీ కింద తిరగాల్సిన ఆ మొండి చక్రం మెత్తబడిపోయింది. దాదాపు 20 ఏళ్ల తర్వాత 'ది స్పిరిట్స్ ఆఫ్ అవర్ ఆన్సెస్టర్స్' ఆల్బమ్‌లో, మెల్బా లిస్టన్ కూర్పుతో, అదే 'బ్లూ మోజెస్'ను మళ్లీ వాయించారు. అందులో బాస్ కదలదు, మిగతావాళ్లు దాని చుట్టూ తిరుగుతారు. రెండూ ఒకదాని వెంట ఒకటి వింటే ఈ వ్యాసం చెప్పదలుచుకున్నది ఇంకెవరూ విడమరచక్కర్లేదు.

1992లో వెస్టన్ మరాకేష్‌లో వేర్వేరు ఊళ్ల మాలెంలను ఒకచోట చేర్చి ఒక రికార్డు చేశారు. గుంబ్రి గురువులు అంతమంది కలిసి వాయించడం మామూలుగా జరగదు, ఎవరి ఊరు వారిది, ఎవరి పద్ధతి వారిది. ఆ ఆల్బమ్ అట్ట మీద వెస్టన్ పేరు ఉన్నా ఆయన పియానో వాయించింది ఒకే ఒక్క పాటలో. మిగతాదంతా వాళ్లకే వదిలేశారు. పాతికేళ్ల పరిచయం తర్వాత ఆయన తీసుకున్న నిర్ణయం అది.

1999 సెప్టెంబర్‌లో ఆయన గ్నావా మాలెంలను తన సొంత ఊరు బ్రూక్లిన్‌కు రప్పించి, లఫాయెట్ అవెన్యూ ప్రెస్బిటేరియన్ చర్చిలో తన బృందంతో కలిపి వాయించారు. ఆ చర్చి 19వ శతాబ్దంలో బానిసత్వానికి వ్యతిరేకంగా నిలిచిన చరిత్ర ఉన్నది. బానిసల వారసులైన ముస్లింలు, బానిసల వారసులైన క్రైస్తవులు ఒకే పైకప్పు కింద, ఒకే లయ మీద పాడారు. ఆ బృందంలో అలెక్స్ బ్లేక్ బాస్ వాయిద్యాన్ని గమనించాలి. తీగలను గిటారులా రాస్తూ, చెక్కను కొడుతూ వాయిస్తారు. గుంబ్రి పద్ధతి జాజ్ బాస్ లోపలికి వెళ్లిపోయింది. అందుకే అక్కడ ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారో విడదీయడం కష్టం.

గ్నావా, జాజ్ కలయికల్లో ఇంకో శిఖరం 1994లో సముద్రతీర పట్టణం ఎస్సావిరాలో రికార్డయింది. ఒకవైపు మాలెం మహ్మూద్ గినియా, తరతరాలుగా గ్నావా గురువుల కుటుంబం. మరోవైపు కోల్ట్రేన్ చివరి రోజుల బృందంలో వాయించిన సాక్సోఫోన్ విద్వాంసుడు ఫారో సాండర్స్. నిర్మాత బిల్ లాస్వెల్. 'ది ట్రాన్స్ ఆఫ్ సెవెన్ కలర్స్' అన్న పేరులోనే లిలా రంగులున్నాయి. సాండర్స్‌కు ఈ చక్రం కొత్త కాదు. 1969 నాటి ఆయన పాట ఒకటి రెండే రెండు స్వర సముదాయాల మధ్య అరగంటకు పైగా తిరుగుతుంది. సాక్సోఫోన్‌లో ఒకే ఊపిరిలో రెండు మూడు స్వరాలు చీలి వచ్చేలా, గొంతు పగిలినట్టు వాయించడం ఆయన ప్రత్యేకత. పాశ్చాత్య శిక్షణలో శుభ్రమైన స్వరం గొప్ప. ఆఫ్రికా వాద్యాల్లో చాలావాటికి స్వరంతో పాటు జీర, గలగల ఉండాలి, గుంబ్రి మెడకు రేకు గుచ్చేది అందుకే. సాండర్స్ పగిలిన స్వరమూ, ఆ రేకు మోతా ఒకదానికొకటి చుట్టాల్లా వినిపిస్తాయి. బృందగానం పల్లవిని అందుకునే చోట ఆయన సాక్సోఫోన్ కూడా అందుకునే గొంతుల్లో ఒకటవుతుంది.

ఆ ఆల్బమ్‌లో ఒక పాట సానీ షారాక్ పేరు మీద ఉంది. సాండర్స్ తొలి రికార్డుల్లో గిటారు వాయించిన షారాక్ ఆ ఏడాది మే నెలలోనే చనిపోయారు. స్నేహితుడి కోసం దుఃఖించడానికి సాండర్స్‌కు అక్కడ ఆ పాట దొరికింది. సంగీతానికి ఒక పని ఉండడం అంటే ఇదే. గినియా ఇంటి తంతును ఆయన వాడుకోలేదు, తన బాధతో అందులో కూర్చున్నారు. ఈ మొత్తం చరిత్రలో దాపరికం లేని రికార్డింగ్ ఏదంటే ముందు ఇదే గుర్తొస్తుంది.

ఇదే వేళ్ల నుంచి వచ్చిన ఇంకో కొమ్మ తెలుగు నేల దాకా పాకింది. డెట్రాయిట్‌లోని బాప్టిస్ట్ చర్చిలో ఆర్గన్ వాయిస్తూ పెరిగిన ఆలిస్ కోల్ట్రేన్, భర్త జాన్ 1967లో చనిపోయాక స్వామి సచ్చిదానందకు శిష్యురాలయ్యారు. తర్వాత పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలిగా మారారు. కాలిఫోర్నియా కొండల్లో ఆమె నడిపిన ఆశ్రమం పేరు సాయి అనంతం. అక్కడ ఆదివారాలు పాడిన భజనల మాటలు సంస్కృతం, చప్పట్లు బాప్టిస్ట్ చర్చివి, ఆర్గన్, సింథసైజర్ ఆమెవి. ఒకరు పలికితే అందరూ అందుకోవడం భజనలోనూ ఉంది, రింగ్ షౌట్‌లోనూ ఉంది కాబట్టి అతుకు కనిపించదు. ఆమె ఆ పాటలను చాలాకాలం క్యాసెట్ల మీద భక్తులకే ఇచ్చారు. 2007లో ఆమె చనిపోయిన పదేళ్లకు అవి లోకానికి వినపడ్డాయి. 2018 కార్చిచ్చులో ఆశ్రమం కాలిపోయింది.

ఇక మార్కెట్ సంగతి. ఎస్సావిరాలో 1998లో గ్నావా సంగీతోత్సవం మొదలైంది. జాజ్ కళాకారులను పిలిచి మాలెంల పక్కన నిలబెట్టడం దాని ఆనవాయితీ. 2019లో గ్నావా సంప్రదాయం యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. ఒకప్పుడు బిచ్చగాళ్లుగా, మంత్రగాళ్లుగా చిన్నచూపు చూసిన జనానికి దీనివల్ల గౌరవం, బతుకుతెరువు దొరికాయి. దాన్ని తక్కువ చేయకూడదు. కసబ్లాంకాకు చెందిన అస్మా హమ్జావీ లాంటి యువతులు, మగవాళ్లదే అనుకున్న గుంబ్రిని తండ్రి దగ్గర నేర్చుకుని అంతర్జాతీయ వేదికలెక్కుతున్నారు. ఇబ్బంది మరోచోట ఉంది. వేదిక మీద మాలెంకు దొరికేది గంటో గంటన్నరో, అందులో సగం అతిథి సోలోలకు. ఎవరి కోసం వాయించాలో ఆ మనిషి ఎదురుగా లేడు. అతిథి ఉదయం దిగి, మధ్యాహ్నం రిహార్సల్ చేసి, రాత్రి వాయించేస్తే వచ్చేది ఆడియన్స్ చప్పట్లే. గుంబ్రి మీద తన సోలోను పరిచేసుకునే జాజ్ కళాకారుడు ఎంత నేర్పరి అయినా, ఆ మాలెంను కేవలం పక్కవాద్యగాడిని చేసేస్తాడు. ఆధ్యాత్మికం అన్న లేబుల్ అతికించడం వల్ల ఆ లోటు తీరదు. వెస్టన్ ఇచ్చిన 30 ఏళ్లు అందరూ ఇవ్వలేరు, కనీసం రెండు మూడు వారాల ముందు వచ్చి ఒక లిలాలో వెనక వరసలో కూర్చునే ఏర్పాటు నిర్వాహకులు చేయవచ్చు.

మహ్మూద్ గినియా 2015లో, వెస్టన్ 2018లో, సాండర్స్ 2022లో కన్నుమూశారు. వాళ్ల రికార్డులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెతికితే దొరుకుతాయి. కొత్తగా వినేవాళ్లు 1992 నాటి మరాకేష్ రికార్డుతో మొదలుపెట్టి, అందులో వెస్టన్ పియానో ఉన్న ఆ ఒక్క పాట వచ్చేదాకా ఆగి, తర్వాత ఎస్సావిరా రికార్డుకు వెళ్తే మేలు. పాట మొత్తం గుంబ్రినే పట్టుకుని వినాలి, చిడతల మోత మొదట్లో దాన్ని కప్పేస్తుంది. ఐదారు నిమిషాలకు చెవి అలవాటు పడ్డాక కింద ఆ మూడు తీగలు ఎప్పుడు వేగం పెంచాయో, సాక్సోఫోన్ దాన్ని ఎక్కడ అందుకుందో వినిపిస్తుంది.